అబద్ధమాడని క్వార్టరు

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను పట్టుకుని లాభం లేదు: నేను దేన్నీ ఉన్నదున్నట్టు చెప్పలేను. ఉప్మాలో రెండు జీడిపప్పులు తగిలాయనుకోండి, పక్కవీధికి వెళ్ళి ఆ సంగతి చెప్పేసరికి జీడిపప్పుల్లో అక్కడక్కడా ఉప్మా కనిపించినట్టు తయారవుతుంది. నేను చెప్పే ఎండలకి రైలుపట్టాలు జంతికల్లా చుట్టుకుపోతాయి. నేను చెప్పే దోమలు మనిషిని మంచంతో సహా ఎత్తుకుపోతాయి. మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే నా మాటలకి ఒక కొలత పెట్టుకుంది. నేను ఏనుగు అంటే దూడ అనీ, దూడ అంటే పిల్లి అనీ, పిల్లి అంటే అసలేమీ జరగలేదనీ అర్థం చేసుకుంటుంది. మీరూ అలాగే చదువుకోండి, నేను నొచ్చుకోను.

పైగా ఇది సత్యవ్రతం పట్టిన మనిషి సంగతి. దాన్ని నాలాంటివాడు చెప్పడం ఎంత ఎబ్బెట్టో నాకు తెలుసు. అందుకని నాతో నేనే ఒక ఒప్పందం చేసుకున్నాను. పెంచడం నా ఒంట్లో ఉన్న జబ్బు కాబట్టి పెంచుతూనే ఉంటాను. పూర్తిగా పుట్టించింది మాత్రం ఏదో, చివర్లో నేనే చెప్పేస్తాను.

ఎనభైల చివర్లో నాకు బిలాస్‌పూర్‌లో రైల్వే గుమాస్తా ఉద్యోగం వచ్చింది. సొంత క్వార్టరు వచ్చేంత సర్వీసు లేదు కనక అక్కావాళ్ళ క్వార్టర్లో ముందు వరండా నా వాటాకి వచ్చింది. ఒక నులకమంచం, ఒక ట్రంకుపెట్టె, నెత్తిమీద తాడుకి ఆరేసిన పసిపిల్ల బట్టలు. వాటిలోంచి రాత్రీపగలూ నా మీద చినుకులు పడుతూ ఉండేవి. బిలాస్‌పూర్‌లో వానాకాలం పన్నెండు నెలలూ ఉంటుందని నేను అమ్మకి ఉత్తరం రాసింది ఆ వరండాలోంచే.

బావ గూడ్సు డ్రైవరు. ఇంజను ఎక్కడానికి ఆయనకి మెట్లు అక్కర్లేదు, అంత పొడుగు. గొంతు ఎంతంటే, హారన్ పాడైన రోజున తనే కిటికీలోంచి అరుచుకుంటూ కట్నీ దాకా బండి నడిపాడని షెడ్డులో చెప్పుకునేవారు. చెప్పుకున్నవాళ్ళలో మొదటివాణ్ణి నేనే.

గూడ్సు బండికి టైంటేబుల్ ఉండదు. బొగ్గు ఎప్పుడు నిండితే అప్పుడు, దారి ఎప్పుడు దొరికితే అప్పుడు. బండి తయారైతే వరసలో ఎవరి పేరు ముందుంటే వారికి కబురు వస్తుంది. దాన్నే కాల్ అనేవారు. క్వార్టర్లలో ఫోన్లు లేవు. ఆ కబురు సైకిలు మీద వచ్చేది. తెచ్చే మనిషిని ఆఫీసు ‘కాల్‌బాయ్’ అనేది. మా కాలనీకి వచ్చే బాయ్‌కి అప్పటికే మనవలున్నారు. బుగ్గల మీదుగా చెవుల దాకా పాకిన తెల్లమీసాలుండేవి. బిలాస్‌పూర్ పక్కనున్న కోటా దగ్గర పల్లెవాడు. కాల్ పుస్తకంలో సంతకం పెట్టించుకుంటే, ఆ క్షణం నుంచి రెండు గంటల్లో డ్రైవరు స్టేషన్లో డ్యూటీ ఎక్కే గదిలో, అంటే లాబీలో హాజరవ్వాలి. ఇక ఆ మనిషి మళ్ళీ ఇంటికొచ్చేది ఎప్పుడో ఆ బొగ్గుకే తెలియాలి.

మనిషి ఇంట్లో లేకపోతే కాల్ వరసలో తరవాతి పేరుకి వెళ్ళిపోతుంది. ఈ ఒక్క సూత్రం మీద మా కాలనీ సంసారాలన్నీ నిలబడ్డాయి. వీధి మొగలో సైకిలు గంట వినపడగానే ఆడవాళ్ళు మగవాళ్ళ చెప్పులు మంచాల కిందకి తోసేవారు, లుంగీలు దండెం మీంచి లాగేసేవారు, గుమ్మంలో నిలబడి జాలిగా ‘ఇంట్లో లేరు’ అనేవారు. ఒకావిడ లోపలి గదిలో భర్త గుర్రు వినపడుతుంటే పిండిమర కొన్నామని చెప్పింది. పిండిమర దగ్గుతుందా అని కాల్‌బాయ్ అడిగాడు. కొత్తది కదా, అలవాటు పడుతోంది అందావిడ. ఆయనకి వచ్చిన మొదటి తెలుగు మాట ‘ఇంట్లో లేరు’. చాలాకాలం అది మన నమస్కారం అనుకుని, దారిలో ఎదురైన తెలుగువాళ్ళకి చెయ్యెత్తి అదే మాట అనేవాడు.

ఇలాంటి చోటికి యోగా క్లాసు వచ్చింది.

చెప్పేవారు మా తెలుగువాళ్ళే, రిటైరైన గార్డు. అందరూ గార్డు మాస్టారు అనేవాళ్ళం. సర్వీసంతా గూడ్సు బండి చిట్టచివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని గ్రంథాలు చదివిన మనిషి. దానివల్ల రెండు లాభాలు కలిగాయి: ఆయనకి తెలియని శాస్త్రం లేదు, ఆయన మాటకి గూడ్సు బండి నడక వచ్చింది. ‘శ్వాస పీల్చండి’ అని మొదలెట్టి శ్వాస మహిమ చెప్పడంలో పడి వదలమనడం మరిచిపోయేవారు. మేం నీలంగా మారి వదిలేసేవాళ్ళం. మా తెలుగు కుటుంబాలకి పురోహితం కూడా ఆయనే చేసేవారు. ఆయన కట్టించిన పెళ్ళిళ్ళలో మంగళసూత్రం వేళకి పెళ్ళికొడుక్కి గడ్డం మొలిచేది.

ఆసనాలు అందరూ వేస్తారు, యమనియమాలు లేకపోతే అది కసరత్తే గాని యోగం కాదని మాస్టారు ఒకరోజు తేల్చేశారు. ఎదటివాళ్ళతో మెలగడానికి ఐదు యమాలు: హింస చెయ్యకపోవడం, నిజం చెప్పడం, దొంగిలించకపోవడం, బ్రహ్మచర్యం, కూడబెట్టకపోవడం. మనల్ని మనం దిద్దుకోవడానికి ఐదు నియమాలు: శుభ్రత, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరుడికి అప్పగించుకోవడం. తలా ఒకటి పట్టుకుని, మళ్ళీ ఉగాది వచ్చేదాకా వదలకూడదన్నారు.

క్లాసు జరిగే రైల్వే ఇనిస్టిట్యూటు హాల్లో తోపులాట జరిగింది. కూర్చున్నచోటే చెయ్యగలిగేది కదా అని అందరూ సంతోషం మీద పడ్డారు. నేను వయసులో చిన్నవాణ్ణి, మోచేతులు గట్టివి. అది నాకు దక్కింది. అహింస పట్టినాయన దోమల్ని చంపలేక ఒక్కొక్కదాన్నే గుప్పిట్లో పట్టుకుని తెచ్చి మా వరండాలో వదిలేవాడు. కూడబెట్టననే వ్రతం పట్టినాయన తన చెక్కబీరువాలోని పాత పేపర్లన్నీ మా ట్రంకుపెట్టె పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు. కాలనీలో సగం మంది వ్రతాలు నా వరండాలోనే నెరవేరాయి.

అక్క పాపకి పాలిచ్చి వచ్చేసరికి రెండే మిగిలాయి, బ్రహ్మచర్యం, సత్యం. పక్కన బావ కూర్చుని ఉన్నాడు. ఆయన మొహం చూసి అక్క సత్యం తీసుకుంది.

మా అక్కతో చిక్కేమిటంటే, చేతిలో పెట్టింది ఏదైనా చివరిదాకా లాగుతుంది. ఒకసారి స్వెట్టరు అల్లడం నేర్చుకుని వీధిలో మేకలకి కూడా అల్లింది. సత్యం ఆవిడ చేతిలో పడ్డాక మా క్వార్టరు వాతావరణం మారిపోయింది. పక్కింటావిడ తెచ్చిన కూర ఎలా ఉందంటే, ఉప్పు ఎక్కువైందని చెప్పింది. చీర బాగుందా అని అడగడానికి ఆడవాళ్ళు భయపడ్డారు. నేను వేలు తెగి రక్తం ఏరులా పారిందంటే, ‘నాలుగు సుక్కలురా’ అని అందరి ముందూ దిద్దింది. నా జీవితంలో అంత కరువు కాలం లేదు.

గోడ పక్క క్వార్టరులో నాగపూర్ వైపు నుంచి వచ్చిన బౌద్ధ కుటుంబం ఉండేది. ఆయనా గూడ్సు డ్రైవరే. ఆవిణ్ణి మేం వాళ్ళ పద్ధతిలోనే కాకూ అనేవాళ్ళం, అంటే పిన్ని. రోజూ సాయంత్రం దీపం పెట్టి, పాళీలో పంచశీలాలు చదువుకునేది. ఒకరోజు అక్కా ఆవిడా గోడకి చెరోపక్కా నిలబడి మావీ వాళ్ళవీ సరిచూసుకున్నారు. ప్రాణం తియ్యను, ఇవ్వనిది తీసుకోను, తప్పు నడత నడవను, అబద్ధమాడను. నాలుగూ కలిశాయి. ఐదోది మాకు కూడబెట్టకపోవడం, వాళ్ళకి మత్తు ముట్టకపోవడం. ఈ తేడా సంగతి తెలిశాక కాలనీ మగవాళ్ళకి మన యోగశాస్త్రం మీద గౌరవం బాగా పెరిగింది.

కాకూ చెప్పినదాంట్లో ఒకటి అక్కకి బాగా నచ్చింది. వాళ్ళ శీలాలు ఎవరో పైనుంచి ‘చెయ్యకు’ అని వేసిన ఆజ్ఞలు కావట. ‘ఈ శిక్షణ నేను తీసుకుంటున్నాను’ అని ఎవరికి వారు చెప్పుకునేవట. ఇవాళ తప్పితే రేపు దీపం దగ్గర మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. మాస్టారి దగ్గర ఆ సౌకర్యం లేదు. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అనే మినహాయింపులు ఏవీ లేనప్పుడే అది మహావ్రతం అనేవారాయన. రైల్వేవాళ్ళం మేం, ప్రతిదానికీ పాసు ఉంటుందని నమ్మి బతికేవాళ్ళం. ఈ ఒక్కదానికి మాత్రం స్టాఫు పాసు కూడా చెల్లదని తెలిసి డీలా పడ్డాం.

ఇక అసలు సంగతి. పాప పుట్టిన నాటినుంచి బావ ఇంట్లో ఉన్న గంటలు దాని చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బారసాల నాడు పేరు బియ్యంలో రాయవలసిన మనిషి కర్గీ రోడ్ స్టేషన్లో సిగ్నలు కోసం ఎదురుచూస్తూ ఉన్నాడు. ఐదో నెలలో అన్నప్రాసన పెట్టుకున్నాం. మాస్టారు ఇంకా గణపతి పూజలో ఉండగానే సైకిలు గంట మోగింది. వాకిట్లోనే ఉన్న బావ దొరికిపోయాడు. ఆయన లేకుండా నాకు వద్దని అక్క కార్యక్రమమే ఆపేసింది. బావ డ్యూటీ దిగి వచ్చేసరికి పాప నిద్రపోయేది, పాప లేచేసరికి బావ నిద్రపోయేవాడు. ఎప్పుడైనా ఇద్దరూ మెలకువగా ఎదురుపడితే, పాప ఆ నల్లటి పొడుగాటి మనిషిని చూసి గుక్కపట్టేది. ఆ ఏడుపుకి క్వార్టరు పెంకులు లేచి పక్క కాలనీలో పడేవని నేను చెప్పేవాణ్ణి. బావ నవ్వేవాడు కాదు. చేతులు సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడుక్కుని, వాసన చూసుకుని, దూరంగా కూర్చునేవాడు.

ఆడపిల్లకి బేసి నెలలోనే పెట్టాలి. ఏడో నెలలో ఒక ఆదివారానికి ముహూర్తం కుదిరింది. బావ ఒక్కటే కోరాడు, మొదటి ముద్ద తన చేత్తో పెట్టాలని. చలికాలం, బొగ్గు రద్దీ, సెలవు దొరకలేదు. వరస చూస్తే ఆయన పేరు సరిగ్గా ఆదివారానికే పైకి వచ్చేలా ఉంది.

కాలనీ అంతా దీన్ని తేలిగ్గా తీసుకుంది. సైకిలు గంట వినపడగానే ‘ఇంట్లో లేరు’ అనెయ్యి, అయిపోయె, అన్నారు. అక్క అననంది. బావ రెండు పూటలు అన్నం తక్కువ తిన్నాడు. ఆయన తక్కువ తినడమంటే కాలనీ రేషన్‌షాపులో బియ్యం మిగిలిపోయాయన్నమాట.

మాస్టారి దగ్గరికి రాయబారం నేనే వెళ్ళాను. ఈ ఒక్క ఆదివారానికి సత్యానికి సెలవివ్వమని అడిగాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. మినహాయింపు అడిగిన రోజే వ్రతం మొదలవుతుంది నాయనా, అప్పటిదాకా జరిగింది అలవాటే, అన్నారు. ఆ మాటకి వ్యాఖ్యానం సాయంత్రం దాకా సాగింది. నేను మధ్యలో బయటికెళ్ళి పోహా, అదే అటుకుల ఉప్మా, తిని వచ్చాను, ఆయన గమనించలేదు.

అప్పుడు నేనొక పథకం వేశాను. బావని ఇంట్లోంచి పంపేస్తే ‘ఇంట్లో లేరు’ అన్న మాట నిజమే అవుతుంది కదా. అయితే ఎక్కడికెళ్ళాడని కాల్‌బాయ్ అడిగితే అక్క చెప్పేస్తుంది. కాబట్టి ఎక్కడికెళ్ళాడో అక్కకి తెలియకూడదు. శుక్రవారం నాడు బావ చేత రిహార్సలు చేయించాను. భార్యకి చెప్పకుండా, దొడ్డిగుమ్మంలోంచి, తల మీద తువ్వాలు కప్పుకుని ఆయన మాయమయ్యాడు. అంత పొడుగు మనిషి దాక్కుంటూ నడిస్తే ఊరంతా చూసింది. చీకటిపడేలోపు బావకి మరో సంసారం ఉందనీ, కాదు రెండు ఉన్నాయనీ, ఒకటి పక్కనున్న బెల్తరా ఊళ్ళో అనీ కాలనీ తీర్మానించింది. తలుపుతట్టి ఓదార్చడానికి వచ్చినవాళ్ళకి, ఆయన ఎక్కడున్నారో నాకు నిజంగా తెలీదని అక్క సత్యం చెప్పింది. దాంతో ఆ వదంతికి ముద్ర పడిపోయింది. పైగా అన్నప్రాసనకి తండ్రి మా ఇంట్లోనే పీట మీద కూర్చోవాలనీ, అప్పుడు ఆయన ఎక్కడున్నాడో అక్కకి తెలియకుండా ఉండదనీ నేను ఆలోచించలేదు. బావ తిరిగొచ్చి తువ్వాలు నా మొహాన కొట్టాడు.

ఆదివారం తెల్లవారాక లాబీకి వెళ్ళి బోర్డు చూసి వచ్చాను. మొదటి పేరు బావదే. రెండోది కాకూ వాళ్ళాయనది. ఆయన ముందురోజు సాయంత్రమే పెద్ద ట్రిప్పు ముగించుకుని వచ్చాడు. కళ్ళు టమాటాల్లా ఉన్నాయి. గోడ అవతల నిద్రపోతుంటే ఆ నిద్ర బరువుకి మా గోడ ఇటు వంగింది.

వాకిట్లో ఎండ పడుతోంది. బావ తలంటు పోసుకుని, పట్టుపంచె కట్టుకుని ముందుగదిలో పీట మీద కూర్చున్నాడు. పంచె కింద డ్యూటీ ప్యాంటు ఉందని నాకూ ఆయనకూ మాత్రమే తెలుసు. ఆశ అంటే ఆ పంచె, అనుభవం అంటే ఆ ప్యాంటు. అక్క ఒళ్ళో పాప, పాప కళ్ళనిండా కాటుక. వంటింట్లో పులిహోర, పరమాన్నం. పరమాన్నానికి ఎర్రబియ్యమే శ్రేష్ఠమని నేను వాదించి ఓడిపోయాను. ముహూర్తానికి ఇంకా టైముంది. మాస్టారు పసుపు గణపతిని చేసి, ఆయన పసుపుతోనే ఎందుకుండాలో చెప్పడం మొదలుపెట్టారు. పాప వెనక్కి తిరిగి బావని చూసింది. పెదవి వణికింది. ఏడవాలా వద్దా అని ఆలోచిస్తోంది.

అప్పుడు మోగింది సైకిలు గంట.

వచ్చిన చుట్టాలందరూ ఊపిరి బిగబట్టారు. మాస్టారు క్లాసులో చెప్పినప్పుడు కూడా ఎవరూ అంత శ్రద్ధగా బిగబట్టలేదు. అక్క పాపని చుట్టాల్లో ఒకావిడ చేతికిచ్చి గుమ్మం వైపు నడిచింది. నేను ఆవిడకంటే ముందు గుమ్మంలో ఉన్నాను. నా వ్రతం సంతోషం. ఒక్క అబద్ధంతో ఇంతమందికి సంతోషం కలుగుతుంటే అది నా శాఖ కిందికే వస్తుందని నాకు అనిపించింది. అక్క నా రెక్క పట్టుకుంది.

“నువ్వు లోపలికెల్లు.”

“నువ్వేటీ అనొద్దే. నేను చూసుకుంతాను. నాకు ఆ వ్రతం లేదు కదా.”

“నీకు లేకపోతే ఏటి? నువ్వాడినా నానాడినా ఆ కాల్ ఎటెల్తాది? పక్కింటికే కదా. కాకూ వోళ్ళాయన నిన్న సాయంత్రమే వొచ్చేరు. ఆ నిద్దర ఆయన మనకిచ్చింది కాదురా, తీసుకోడానికి.”

ఇవ్వనిది తీసుకోవడమంటే చెంబులూ తపేలాలూ అనుకున్నాను అప్పటిదాకా. కాలనీ మొత్తం ఇన్నేళ్ళుగా ఒకళ్ళ నిద్ర ఒకళ్ళు ఎత్తుకెళ్ళి కాపరాలు చేస్తోందని నాకు తట్టలేదు. గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాను.

కాల్‌బాయ్ సైకిలు స్టాండు వేసి, చెయ్యెత్తి, అలవాటు కొద్దీ తనే ‘ఇంట్లో లేరు’ అన్నాడు, మనకి శ్రమ తగ్గించడానికి.

అక్క గుమ్మం దిగింది. మాట తిన్నగా వచ్చింది.

“ఉన్నారు బాబా. పీట మీద కూకున్నారు. పాపకి ఇయాళ అన్నం ముట్టిస్తున్నాం. లేరని సెప్పను, నాకు వ్రతం ఉంది. సంతకం పెట్టమంటే పెడతారు. నువ్వేటి సెయ్యమంటే అది సేస్తాం.”

ముసలాయన పుస్తకం తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. నిజం విన్న మనిషి మొహం ఎలా ఉంటుందో నేను అప్పుడు చూశాను. ముందు అనుమానం వచ్చింది. ఇదేదో కొత్త రకం అబద్ధమేమో అని లోపలికి తొంగిచూశాడు. పీట మీద నిజంగానే బావ కనిపించాడు. కళ్ళు తుడుచుకుని తన భాషలో ఇలా అన్నాడు: “ఇన్నేళ్ళ సర్వీసులో ఈ కాలనీలో ఒక్క మగవాడు ఇంట్లో దొరికాడు, నోనీ.” నోనీ అంటే ఆ వైపు కూతుర్ని పిలిచే పిలుపు. చుట్టాల్లో ఆడవాళ్ళు కొందరు కొంగులు కళ్ళకద్దుకున్నారు. మగవాళ్ళు నేల చూపులు చూశారు, ఎవరి పిండిమరలు వాళ్ళకి గుర్తొచ్చి.

బావ లేచి వచ్చి సంతకం పెట్టాడు. ఇక రెండు గంటలు. లాబీకి వెళ్ళేందుకు కొంత పోగా ఏం మిగులుతుందో అందరికీ తెలుసు. అందరి చూపులూ మాస్టారి మీద పడ్డాయి. ఆయన చేతిలో అక్షింతలు, ఎదురుగా గణపతి, ఇంకా వ్యాఖ్యానంలో సగం కూడా కాలేదు.

అక్క ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

“మాస్టారూ, సత్యం మీరిచ్చిందే. టైము కూడా మీరే ఇవ్వాల.”

ఆ పెద్దమనిషి మొహంలో పాత గార్డు కదిలాడు. చేతి గడియారం చూశారు. కండువా నడుముకి బిగించారు. ఆ తరవాత జరిగింది చెబితే మీరు మీ కొలతబద్ద తీస్తారు, తీయండి. మంత్రం మెయిలు బండిలా బయల్దేరింది. గణపతి పూజ మేం చూస్తుండగానే వెనక్కి వెళ్ళిపోయింది. సంకల్పం, పుణ్యాహం, ఏవీ పేరు చదివేంతసేపు కూడా ఆగలేదు. నేను కొబ్బరికాయ కొట్టేలోపు హారతి అడిగారు. ఒక్క మంత్రం వదలలేదాయన, ఒక్క అక్షరం మింగలేదు. ఇన్నాళ్ళూ మా పూజల్లో మంత్రం పిడికెడేననీ, మిగతా బస్తాడూ వ్యాఖ్యానమేననీ ఆ పూట కాలనీకి తెలిసిపోయింది.

వెండిగిన్నెలో పరమాన్నం బావ చేతికిచ్చారు. ఇంజను లీవరు పట్టే ఆ చెయ్యి గిన్నెలోకి దిగుతుంటే గోరింటాకు పెట్టించుకుంటున్న చెయ్యిలా జాగ్రత్తగా ఉంది. రెండు మెతుకులు తీసి పాప పెదవులకి తగిలించాడు. పాప అప్పటిదాకా ఏడుపు దాచుకునే ఉంది. తీపి తగిలింది. ఏడుపు ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది. నోరు తెరిచి, కొత్తగా వచ్చిన రెండు పళ్ళతో బావ వేలు పట్టుకుని వదల్లేదు. ఆయన కూడా లాక్కోలేదు. ముద్ద పెట్టడం అయిపోయాక కూడా ఆ వేలు అక్కడే ఉంది. మాస్టారు గడియారం చూసి, ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు.

పుస్తకం, బంగారం, పూలు ముందు పెడితే పాప దేన్నీ ముట్టలేదు. దానికి కావలసింది అప్పటికే నోట్లో ఉంది.

బావ టైముకి లాబీలో ఉన్నాడు. పంచె విప్పడానికి వ్యవధి లేక ప్యాంటు మీద అలాగే ఉంచుకుని సైకిలు తొక్కాడు. నుదుట కుంకంతో బొగ్గు బండి నడిపించాడు. వేలిమీద పంటి గుర్తు నెలరోజులు చూపించాడు అందరికీ. మొదట్లో కనిపించేది. తరవాత కనిపించకపోయినా మేం కనిపించిందనే అన్నాం, అక్క తప్ప.

మళ్ళీసారి డ్యూటీ దిగి ఇంటికొచ్చినప్పుడు పాప మెలకువగా ఉంది. బావ దూరంగానే నిలబడి వేలు చాపాడు. పాప నోరు తెరిచింది.

తరవాత కాలనీలో అక్క మాటకి విలువ పెరిగింది. ఎవరింట్లోనైనా డ్రైవరుకి జ్వరమంటే కాల్‌బాయ్ లోపలికొచ్చి నాడి చూసేవాడు. అక్క ‘ఆయనకి ఒంట్లో బాలేదు’ అంటే వాకిట్లోంచే వెనుదిరిగేవాడు. అది చూసి వెనకవీధి వాళ్ళు చీరా జాకెట్టూ పట్టుకుని వచ్చారు, తమ తరఫున ఒక్క అబద్ధం చెప్పిపెట్టమని. అక్క వాళ్ళకి టీ ఇచ్చి పంపించింది. ఒకరిద్దరు మాత్రం ఆ తరవాత వాళ్ళ గుమ్మాల్లో ‘ఉన్నారు’ అన్నారు. అన్నందుకు వాళ్ళ మగవాళ్ళు మాస్టారిని నిలదీశారు. మాస్టారు వాళ్ళకి సత్యం మీద వ్యాఖ్యానం మొదలుపెట్టారు. డ్యూటీకి వెళ్ళడమే సుఖమనుకుని వాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఒప్పందం ప్రకారం చెప్పాలి. మేకల స్వెట్టర్లు, నీలంగా మారిన మనుషులు, వంగిన గోడ, బెల్తరా సంసారం, ఇవన్నీ పెంచినవి. కిందికి దించితే ప్రతిదాని అడుగునా ఏదో ఒకటి ఉంటుంది. మాస్టారి వేగం, పాప వదలని వేలు మాత్రం పెంచనివి. మీరు నమ్మకపోతే నేనేం చెయ్యలేను. పూర్తిగా పుట్టించింది ఒక్కటే. గుమ్మంలో ఆ ముసలాయన కళ్ళు తుడుచుకుని అన్న మాట ఆయన అనలేదు. ఒక్క మగవాడు ఇంట్లో దొరికాడని ఆయన అంటాడేమోనని నేను చాలా ఏళ్ళు చూశాను, వచ్చినప్పుడల్లా టీ పోసి మాటల్లో పెట్టాను, అనలేదు. ఇక ఆగలేక నేనే అన్నాను. నిజానికి ఆయన అక్క చెప్పిందంతా విని, గోడ గడియారం కేసి చూసి, “దో ఘంటా హై, కర్ లో” అన్నాడు. రెండు గంటలుంది, కానిచ్చుకోండి అని. అని కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి, చుట్టాల వరసలో చివర కూర్చుని, పులిహోర ఇంకా ఉందా అని అడిగాడు.